కోడ్‌కీ శూన్యాంశ దోషం ఉంటుంది

స్వచ్ఛమైన నీటిని కుదుపు లేకుండా నెమ్మదిగా చల్లబరిస్తే సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టదు. మంచు స్ఫటికం మొలకెత్తడానికి దుమ్మో ధూళో ఆసరా దొరకనంత వరకు మైనస్ 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర కూడా ద్రవంగానే ఉండగలదు. దీన్నే అతిశీతల జలం అంటారు. ఇంకా కిందికి దిగితే ఈ నీరు రెండు వేర్వేరు ద్రవాలుగా విడిపోవచ్చని, ఒకదాని సాంద్రత ఎక్కువగా, మరొకదానిది తక్కువగా ఉంటుందని 1992లో బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రతిపాదించారు. ప్రయోగం చేసి తేల్చడం మహా కష్టం. ఆ ఉష్ణోగ్రతకు చేరేలోపే నీరు మంచైపోతుంది. అందుకని శాస్త్రవేత్తలు నీటి అణువులకు ఒక గణిత నమూనా తయారుచేసి, వాటిని కంప్యూటర్లోనే చల్లబరచడం మొదలుపెట్టారు.

గొడవ అక్కడే వచ్చింది. తమ లెక్కల్లో రెండో ద్రవం లేదని, అలా కనిపించేది గడ్డకట్టబోతున్న మంచేనని 2011లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ లిమర్, డేవిడ్ చాండ్లర్ ప్రకటించారు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో పాబ్లో డెబెనెడెట్టి బృందానికి మాత్రం రెండు ద్రవాలూ కనిపించాయి. నమూనా ఒకటే, భౌతిక సూత్రాలు ఒకటే, జవాబులు మాత్రం రెండు. వాదం ఏడేళ్ళు నడిచింది. బర్క్‌లీ వారి కోడ్ చేతికి వచ్చాక ప్రిన్స్‌టన్ బృందం దాన్ని గాలించి, 2018లో కారణం ప్రచురించింది. అణువులకు వేగాలు కేటాయించే దశలో లెక్క త్వరగా ముగియడానికి ఒక అడ్డదారి తొక్కారు. దానివల్ల అణువుల ముందువెనకల కదలికకూ, వాటి భ్రమణానికీ మధ్య శక్తి పంపకం తప్పిపోయింది. చాండ్లర్ 2017లోనే కన్నుమూశారు.

శక్తి ఏ కదలికకు ఎంత చెందాలో చెప్పే శక్తి సమవిభజన నియమం డిగ్రీ పాఠ్యపుస్తకంలోనే ఉంది. కోడ్‌ను ఆ నియమంతో ఒక్కసారి తూచి చూస్తే తేడా బయటపడేది. ఇక్కడ లోపించింది తెలివి కాదు. రెండు వైపులా ఉన్నది తమ రంగంలో చేయి తిరిగినవారే. లోపించింది ఒక అలవాటు. ఆ అలవాటును నేర్పడమే ఈనాడు భౌతికశాస్త్ర శిక్షణలో పెద్ద పని.

పరికరాన్ని పరీక్షిస్తాం, ప్రోగ్రామ్‌ను నమ్మేస్తాం

ఇంటర్ ల్యాబ్‌లో స్క్రూగేజి చేతికిచ్చేటప్పుడు లెక్చరర్ చెప్పే మొదటి మాట: తీగ మందం కొలిచే ముందు శూన్యాంశ దోషం చూసుకోండి. రెండు మొనలూ తాకినప్పుడు స్కేలు సున్నా చూపకపోతే, ఆ తేడాను ప్రతి రీడింగులోనూ సవరించాలి. రికార్డు పుస్తకంలో ఉద్దేశం, పరికరాలు, సూత్రం, పట్టిక రాశాక ‘జాగ్రత్తలు’ అన్న భాగం లేకపోతే సంతకం పడదు.

అదే విద్యార్థి ఎమ్మెస్సీ దాటి పరిశోధనలో చేరి, వెయ్యి లైన్ల ప్రోగ్రామ్ రాసి, దాని ఫలితాన్ని థీసిస్‌లో పెడతాడు. అక్కడ జాగ్రత్తలు ఎవరూ అడగరు. ప్రోగ్రామ్ ఆగకుండా నడిచిందా, గ్రాఫు నున్నగా వచ్చిందా, అంతే. నిజానికి ఆ ప్రోగ్రామ్ కూడా స్క్రూగేజి లాంటి పరికరమే. దానికీ శూన్యాంశ దోషం ఉంటుంది. కాకపోతే కంటికి కనిపించదు.

బ్రిటన్‌లో సాఫ్ట్‌వేర్ సస్టెయినబిలిటీ ఇన్‌స్టిట్యూట్ 2014లో అక్కడి 15 పెద్ద విశ్వవిద్యాలయాల పరిశోధకులను సర్వే చేసింది. పరిశోధనలో సాఫ్ట్‌వేర్ వాడుతున్నామన్నవారు 92 శాతం. అది లేకపోతే తమ పరిశోధన సాగదన్నవారు 69 శాతం. సొంతంగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నవారు 56 శాతం, వారిలో 21 శాతం మందికి సాఫ్ట్‌వేర్ తయారీలో ఏ శిక్షణా లేదు. శిక్షణ ఉన్నవారికి కూడా చాలాచోట్ల దొరికేది ఒక కంప్యూటర్ భాషలో వ్యాకరణ పాఠాలే. లూప్ ఎలా రాయాలో చెబుతారు. రాసింది సరైనదో కాదో ఎలా తేల్చుకోవాలో చెప్పరు.

సూర్యుడి నుంచి జారిపోయే భూమి

ఆ తేల్చుకోవడం ఎలా ఉంటుందో చూడటానికి ఒక చిన్న లెక్క చాలు. సూర్యుడి చుట్టూ భూమి తిరగడాన్ని కంప్యూటర్‌లో చూపాలి. అన్నింటికన్నా సులువైన దారి ఆయిలర్ పద్ధతి. ఈరోజు భూమి ఎక్కడుందో, ఏ దిక్కుకు ఎంత వేగంతో పోతోందో తీసుకుని, అదే దిక్కులో ఒక రోజు ముందుకు జరపాలి. జరగక ముందున్న చోట సూర్యుడి ఆకర్షణ ఎంతో లెక్కగట్టి, దాన్నిబట్టి వేగాన్ని మార్చి, ఇంకో రోజు జరపాలి.

ప్రోగ్రామ్ తప్పేమీ చూపకుండా నడుస్తుంది. బొమ్మ గీస్తే మాత్రం భూమి ప్రతి చుట్టుకూ కాస్త కాస్త బయటికి జరుగుతూ సూర్యుడికి దూరమవుతుంది. కారణం స్పష్టమే. వంపు తిరిగే దారిలో ఉన్న వస్తువును ప్రతి అడుగులో స్పర్శరేఖ వెంట తిన్నగా నడిపిస్తున్నాం కాబట్టి, ప్రతి అడుగూ కక్ష్యకు కాస్త వెలుపల పడుతుంది. అడుగు రోజు నుంచి గంటకు తగ్గిస్తే జారుడు నెమ్మదిస్తుందే తప్ప ఆగదు. స్థానాన్నీ వేగాన్నీ అరఅడుగు తేడాతో మార్చిమార్చి లెక్కించే లీప్‌ఫ్రాగ్ పద్ధతిలో ఈ బెడద ఉండదు. శక్తి కాస్త అటూ ఇటూ ఊగుతుంది కానీ ఒకే వైపుకు కొట్టుకుపోదు.

భూమి కక్ష్య ఎలా ఉండాలో మనకు ముందే తెలుసు కాబట్టి ఈ తప్పు ఇట్టే దొరికింది. పాలపుంతలోని కోట్ల నక్షత్రాల గమనాన్ని లెక్కించేటప్పుడు సరైన బొమ్మ ఎవరికీ తెలియదు. అక్కడ కాపాడేవి పరీక్షలే. మొత్తం శక్తి మారకుండా ఉందా? అడుగు సగానికి తగ్గిస్తే జవాబు ఉండాల్సినంత మేరకే మారిందా? చేతి లెక్కతో తేలే చిన్న ఉదాహరణ ఇస్తే అదే జవాబు వస్తోందా? ఈ ప్రశ్నలు వేయాలంటే భౌతికశాస్త్రం తెలియాలి. బయటి సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ప్రోగ్రామ్ వేగాన్ని పెంచగలడు, కుప్పకూలకుండా చూడగలడు. అణువుల భ్రమణానికి ఎంత శక్తి చెందాలో మాత్రం భౌతికశాస్త్రవేత్తే చెప్పాలి. కోడ్ పనిని మరొకరికి అప్పజెప్పి చేతులు దులుపుకోవడం అందుకే కుదరదు.

అంకెల్లోనూ ఇలాంటి ఉచ్చులున్నాయి. కంప్యూటర్ ద్విసంఖ్యామానంలో లెక్కిస్తుంది. మన దశాంశాల్లో మూడోవంతును పూర్తిగా రాయలేనట్టే, అది 0.1ని పూర్తిగా రాయలేదు. ఎక్కడో ఒకచోట కత్తిరించాల్సిందే. 1991 గల్ఫ్ యుద్ధంలో సౌదీ అరేబియాలోని దహ్రాన్ దగ్గర పేట్రియాట్ రక్షణ వ్యవస్థ, సెకనులో పదోవంతుల చొప్పున కాలం లెక్కపెడుతూ, ఆపకుండా 100 గంటలు నడిచింది. ఒక్కో లెక్కలో కత్తిరించిన ఆ పిసరు కూడి 0.34 సెకన్లయింది. ఆలోపు స్కడ్ క్షిపణి అర కిలోమీటరుకు పైగా దూసుకొస్తుంది. పేట్రియాట్ దాన్ని అడ్డుకోలేకపోయింది. 28 మంది సైనికులు చనిపోయారు.

వేల చేతులు రాసే కోడ్

ఒక్కరు రాసి ఒక్కరు వాడే ప్రోగ్రామ్‌తోనే ఇన్ని చిక్కులుంటే, వేలమంది కలిసి రాసేదాని సంగతి వేరు. జెనీవా దగ్గర సెర్న్‌లోని లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లో ప్రోటాన్ గుంపులు సెకనుకు 4 కోట్ల సార్లు ఎదురెదురుగా దాటుకుంటాయి. అంత సమాచారాన్ని దాచే చోటు ప్రపంచంలో లేదు. అందుకని సీఎంఎస్ డిటెక్టర్‌లో మొదట ఎలక్ట్రానిక్ వలయాలు ఆ ఘటనల్ని సెకనుకు సుమారు లక్షకు కుదిస్తాయి. ఆ లక్షలోంచి సుమారు వెయ్యింటిని సాఫ్ట్‌వేర్ ఎంచి దాస్తుంది. మిగతావి శాశ్వతంగా పోయినట్టే. ఎంపిక చేసే కోడ్‌లో తప్పుంటే తర్వాత దిద్దుకోవడానికి ఏమీ మిగలదు. 2012 జులై 4న ప్రకటించిన హిగ్స్ బోసాన్ ఈ జల్లెడలోంచి దాటి వచ్చిందే.

దాచిన సమాచారం 40కి పైగా దేశాల్లోని దాదాపు 170 కంప్యూటర్ కేంద్రాలకు వెళ్తుంది. ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్, కోల్‌కతాలోని వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ సెంటర్ వాటిలో ఉన్నాయి. విశ్లేషణకు వాడే రూట్ అనే సాఫ్ట్‌వేర్‌ను 1990ల మధ్యలో రెనే బ్రున్, ఫోన్స్ రాడెమేకర్స్ మొదలుపెట్టారు. ఇప్పుడు దాంతో పనిచేస్తున్న విద్యార్థుల్లో చాలామంది అప్పటికి పుట్టలేదు. విద్యార్థి నాలుగైదేళ్ళుండి డాక్టరేట్ తీసుకుని వెళ్ళిపోతాడు, అతను రాసిన కోడ్ మాత్రం దశాబ్దాలు ఉండిపోతుంది. దాన్ని తర్వాతివాళ్ళు చదవగలగాలి, మార్చగలగాలి, మార్చినప్పుడు ఏదీ చెడలేదని తేల్చుకోగలగాలి. 2030 ప్రాంతంలో కొలైడర్ మరింత తీవ్రతతో మళ్ళీ మొదలైతే సమాచారం ఇంకా పోటెత్తుతుంది.

సెర్న్ ఈ అవసరాన్ని ముందే గుర్తించింది. సెర్న్ స్కూల్ ఆఫ్ కంప్యూటింగ్ మొదటిసారి 1970లో ఇటలీలో జరిగింది, ఇప్పటికీ నడుస్తోంది. కానీ ఏడాదికి కొన్ని పదుల మందికి నేర్పితే సరిపోదు. అందుకే అధిక శక్తి భౌతికశాస్త్రానికి హెచ్ఈపీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ (హెచ్ఎస్ఎఫ్) అనే ఉమ్మడి వేదిక ఏర్పడి, పాఠాలను అందరికీ ఉచితంగా తెరిచి పెట్టింది.

వర్క్‌షాపులో ఏం నేర్పుతారు

ఈ పాఠాల బోధనా పద్ధతికి మూలం సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ. గ్రెగ్ విల్సన్, బ్రెంట్ గోర్డా 1998లో అమెరికాలోని లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాలలో శాస్త్రవేత్తల కోసం మొదలుపెట్టిన శిక్షణ అది. తర్వాత ప్రపంచమంతా పాకి, 2018 నుంచి ది కార్పెంట్రీస్ పేరుతో నడుస్తోంది. సాధారణంగా వర్క్‌షాపు రెండు రోజులు. స్లైడ్లు తక్కువ. బోధకుడు తెర మీద కోడ్‌ను అక్కడికక్కడే టైప్ చేస్తుంటే అందరూ తమ ల్యాప్‌టాప్‌లలో అదే టైప్ చేస్తారు. బోధకుడు తప్పు టైప్ చేస్తే ఇంకా మంచిది, ఎర్రర్ సందేశం చదివి దాన్ని ఎలా దిద్దాలో అందరూ చూస్తారు. ఒక్కొక్కరి దగ్గర రెండు రంగుల అంటింపు చీటీలుంటాయి. పని అయితే ఒక రంగు, ఇరుక్కుంటే ఇంకో రంగు ల్యాప్‌టాప్‌కు అంటిస్తే సహాయకులు వచ్చి పక్కన కూర్చుంటారు. నలుగురిలో చెయ్యెత్తి ‘నాకు రాలేదు’ అనడానికి మొహమాటపడేవారికి ఇది పెద్ద ఊరట.

నేర్పేవి పైకి చిన్న విషయాలే. మొదట కంప్యూటర్‌కు ఆదేశాలను టైప్ చేసి ఇచ్చే కమాండ్ లైన్. తర్వాత గిట్. ‘ఫైనల్’, ‘ఫైనల్2’, ‘ఇదే ఫైనల్’ అంటూ పేరుకుపోయే ఫైళ్ళ గుట్ట అవసరం లేకుండా, ఏ లైనును ఎవరు ఎప్పుడు ఎందుకు మార్చారో ఇది దాచిపెడుతుంది. ఆరు నెలల కిందటి గ్రాఫు ఏ కోడ్‌తో వచ్చిందో తిరిగి తీయవచ్చు. ఆ తర్వాత ఆటోమేటిక్ టెస్టులు. శక్తి మారకూడదు, సంభావ్యతల మొత్తం ఒకటి కావాలి లాంటి షరతులను చిన్న ప్రోగ్రాములుగా రాసి పెడితే, ఎవరు కోడ్ మార్చినా అవి తమంత తామే నడుస్తాయి. ఒక్కటి తప్పినా ఆ మార్పు లోపలికి పోదు.

చివరిది కంటైనర్. ప్రోగ్రామ్‌ను అది నడవడానికి కావలసిన మిగతా సాఫ్ట్‌వేర్‌తో సహా మూటగట్టి ఏ కంప్యూటర్‌కైనా పంపే ఏర్పాటిది. దీని అవసరమేమిటో 2019లో హవాయి విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్తలకు తెలిసొచ్చింది. అణు నిర్మాణాల విశ్లేషణలో చాలాకాలంగా చాలామంది వాడుతున్న ఒక పైథాన్ ప్రోగ్రామ్ వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద వేర్వేరు జవాబులు ఇస్తోంది. ఫైళ్ళు ఒక క్రమంలో వస్తాయని ప్రోగ్రామ్ అనుకుంది, ఆ క్రమం మాత్రం సిస్టమ్‌ను బట్టి మారుతోంది. వరస పెట్టమని ఒక్క ఆదేశం చేరిస్తే సమస్య తీరింది. అంతవరకు దాని మీద ఆధారపడి వచ్చిన పత్రాలన్నింటినీ మళ్ళీ సరిచూసుకోవాల్సి వచ్చింది.

మనుషులకూ పరీక్ష

పరీక్ష అలవాటును అన్నింటికన్నా దూరం తీసుకెళ్ళింది గురుత్వ తరంగాల వేటగాళ్ళే. 2010 సెప్టెంబర్ 16న లైగో, వర్గో డిటెక్టర్లలో బలమైన సంకేతం నమోదైంది. అది కేనిస్ మేజర్ నక్షత్రమండలం దిక్కు నుంచి వచ్చినట్టు కనిపించింది. శాస్త్రవేత్తలు నెలల తరబడి విశ్లేషించి ప్రచురణకు పత్రం కూడా సిద్ధం చేశారు. 2011 మార్చి 14న కాలిఫోర్నియాలోని ఆర్కేడియాలో సభ్యులందరి ముందూ అసలు సంగతి దాచిపెట్టిన కవరు విప్పారు. ఆ సంకేతం కొద్దిమంది రహస్యంగా చొప్పించిన నకిలీది! డిటెక్టర్, సాఫ్ట్‌వేర్, వాటిని నడిపే మనుషులు అసలు సంకేతం వస్తే పట్టుకోగలరా అని చూడటానికే ఈ ఏర్పాటు. ఇలాంటిది జరగవచ్చని అందరికీ ముందే తెలుసు, ఎప్పుడన్నదే తెలియదు. 2015 సెప్టెంబర్ 14న నిజమైన తరంగం వచ్చేనాటికి వ్యవస్థ సిద్ధంగా ఉంది. 2016 ఫిబ్రవరి 11న ఆ సంగతి ప్రకటించిన రోజే, ఆ సంకేతపు డేటానూ దాన్ని విశ్లేషించే పాఠాన్నీ ప్రపంచానికి తెరిచిపెట్టారు. 2018 నుంచి ఆ డేటా మీద బయటివారికి వర్క్‌షాపులూ జరుపుతున్నారు.

మన విద్యార్థికి అందేవి

ఈ పని తెలుగు నేలకు దూరమేమీ కాదు. అమెరికాలోని ఫెర్మీల్యాబ్ నుంచి 810 కిలోమీటర్ల అవతల మిన్నెసోటాలో ఉన్న 14,000 టన్నుల డిటెక్టర్‌కు న్యూట్రినోలనే కణాలను పంపే నోవా ప్రయోగంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఐఐటీ హైదరాబాద్ సభ్యులు. బొమ్మల్లో పిల్లినీ కుక్కనూ గుర్తుపట్టే తరహా న్యూరల్ నెట్‌వర్క్‌ను న్యూట్రినోల రకాలు తేల్చడానికి మొదటగా వాడినవాటిలో నోవా ఒకటి. ఆ నెట్‌వర్క్ నేర్చుకునేది కంప్యూటర్ సృష్టించిన నమూనా ఘటనల నుంచి. నమూనా వాస్తవానికి కాస్త పక్కకు జరిగి ఉంటే నెట్‌వర్క్ ఆ తప్పునే శ్రద్ధగా నేర్చుకుంటుంది. నిజమైన డేటాతో దాన్ని ఎక్కడెక్కడ సరిచూడాలో తెలిసినవారే దాన్ని నమ్మకంగా వాడగలరు. ఇప్పుడు కృత్రిమ మేధ అడిగిన వెంటనే కోడ్ రాసిస్తోంది కాబట్టి ఈ నేర్పు విలువ ఇంకా పెరిగింది. రాయడం తేలికైనకొద్దీ సరిచూడాల్సింది ఎక్కువవుతుంది.

దేశంలో 2015లో మొదలైన నేషనల్ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద ఐఐటీ హైదరాబాద్‌కు పరమ్ సేవ యంత్రం వచ్చింది. యంత్రాలతోపాటు వాటిని వాడగల మనుషులను తయారుచేయడం కూడా ఆ మిషన్ లక్ష్యాల్లో ఉంది. అమెరికా, భారత సంస్థలు కలిసి నడిపే హెచ్ఎస్ఎఫ్-ఇండియా ప్రాజెక్టు ఇక్కడి పరిశోధక విద్యార్థులకు వర్క్‌షాపులు పెడుతోంది. పెద్ద సంస్థలో సీటు రాని విద్యార్థికీ తలుపు మూసుకుపోలేదు. 2014లో మొదలైన సెర్న్ ఓపెన్ డేటా పోర్టల్‌లో సీఎంఎస్ ప్రయోగం 2016లో 300 టెరాబైట్ల డేటా పెట్టింది. ప్రయోగంలో సభ్యుడు కాని ఎంఐటీ సిద్ధాంతవేత్త జెస్సీ థేలర్ బృందం ఆ పోర్టల్‌లోని డేటాతోనే 2017లో పరిశోధన పత్రం ప్రచురించింది.

పేరు ఎవరికి దక్కాలి

ఇన్ని వర్క్‌షాపులు పెట్టినా, కోడ్ బాగా రాసినందుకు ఉద్యోగం దొరక్కపోతే ఎవరూ దానికి సమయం పెట్టరు. ఈ చిక్కు పాతది. ఎన్రికో ఫెర్మీ, జాన్ పాస్తా, స్టానిస్లా ఉలామ్ లాస్ అలమోస్‌లోని మేనియాక్ కంప్యూటర్ మీద చేసిన గణన 1955లో నివేదికగా వచ్చింది. స్ప్రింగుల్లాంటి బంధాలతో కలిపిన కణాల వరసలో శక్తి అన్ని కంపనాలకూ సమంగా చెదిరిపోతుందనుకుంటే, అది తిరిగి మొదటి కంపనానికే వచ్చింది. సిద్ధాంతం, ప్రయోగం పక్కన కంప్యూటర్ గణన మూడో దారిగా నిలబడింది ఇలాంటి పనులతోనే. దానికి ప్రోగ్రామ్ రాసి నడిపింది మేరీ సింగౌ. నివేదికలో ఆమెకు దక్కింది కృతజ్ఞతల్లో ఒక వాక్యం. ఆమె పేరును కూడా ఆ సమస్యకు చేర్చాలని 2008లో ఒక వ్యాసం గట్టిగా అడిగాకే చాలామంది నాలుగు పేర్లతో పిలవడం మొదలుపెట్టారు.

2012లో బ్రిటన్‌లో రీసెర్చ్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అనే హోదా ఆలోచన పుట్టింది. సైన్సూ కోడూ రెండూ తెలిసినవారికి విశ్వవిద్యాలయాల్లో ఒక ఉద్యోగ మార్గం ఏర్పడసాగింది. 2016లో మొదలైన జర్నల్ ఆఫ్ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కోడ్‌నే పత్రంగా స్వీకరించి, సమీక్షించి, ప్రచురిస్తోంది. మన దగ్గర పదోన్నతి దరఖాస్తులో పత్రాల లెక్కకు గడులున్నాయి, పదిమంది వాడుతున్న సాఫ్ట్‌వేర్‌కూ ఒక గడి ఉండాలి.

డిగ్రీ స్థాయిలో చేయాల్సినది ఇంకా సులువు. దానికి కొత్త యంత్రాలూ నిధులూ అక్కర్లేదు. కంప్యూటేషనల్ ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో ఇప్పుడు ప్రోగ్రామ్ ప్రింటు, అవుట్‌పుట్ చూసి మార్కులు వేస్తున్నాం. అందులో సగం మార్కులు ‘ఈ జవాబు సరైనదని నీకెలా తెలుసు?’ అన్న వైవా ప్రశ్నకు కేటాయిస్తే, విద్యార్థి మొదటి ఏడాది నుంచే టెస్టులు రాయడం మొదలుపెడతాడు. పరీక్షలో అడిగేదాన్నే చదవడం మన పిల్లలకు బాగా తెలిసిన విద్య. ఈ ఒక్క విషయంలో అది సైన్సుకు మేలే చేస్తుంది.